మాట చివర చూడండి: ఫ్లోరిన్, ఫ్లోరైడ్, ఫ్లోరోసిస్

హైదరాబాదు బస్ స్టేషన్‌లో ఒక బస్సు ఆగి ఉందనుకోండి. వానకో, ఎండకో దాని బోర్డు మీది చివరి అక్షరాలు చెరిగిపోయాయి. "మహబూ..." అన్నంతవరకే కనిపిస్తున్నది. మీరు ఆ బస్సు ఎక్కుతారా?

ఎక్కకండి. అది మహబూబ్‌నగర్ బస్సయితే నైరుతి దిక్కుగా పాలమూరు చేరుతుంది. మహబూబాబాద్ బస్సయితే తూర్పు దిక్కుగా పాత వరంగల్లు జిల్లాలోకి పోతుంది. అలాగే "హుజూ..." అని ఉంటే? హుజూర్‌నగర్ అయితే సూర్యాపేట జిల్లా, హుజూరాబాద్ అయితే కరీంనగర్ జిల్లా. మాట మొదలు ఒకటే. చివర మారితే ఊరే మారిపోయింది!

ఊరి పేరు చివర చూడకపోతే ఒక పూట ప్రయాణం వృథా అవుతుంది. సైన్సులో మాట చివర చూడకపోతే అంతకంటే పెద్ద నష్టమే జరగవచ్చు. ఆ సంగతి నాకు తెలియజెప్పింది ఒక విద్యార్థి జవాబు పత్రం.

ఒక జవాబు పత్రం

మా నల్లగొండ పల్లెల్లో ఇంకా ఇంటింటికీ నల్లా నీళ్ళు రాని రోజులవి. తొమ్మిదో తరగతి పరీక్షలో ఒక ప్రశ్న ఇచ్చాను: "మీ ఊరి తాగునీటిలో ఉన్న దోషమేమిటి? దాన్ని పోగొట్టే ఉపాయం రాయండి." ఒక అబ్బాయి ఇలా రాశాడు: "మా ఊరి బోరు నీళ్ళలో ఫ్లోరిన్ ఉంది. ఫ్లోరిన్ ఒక వాయువు. నీటిని వేడిచేస్తే అందులో కరిగిన వాయువులు బయటికి పోతాయి. కాబట్టి నీళ్ళు బాగా కాచి తాగితే ఫ్లోరిన్ పోతుంది."

మార్కులు వేయబోయి ఆగాను. తరువాత అతన్ని పిలిచి అడిగాను. "ఇది ఎవరు చెప్పిన్రు నీకు?"

"ఎవరు చెప్పలేదు సార్. సోడా వేడిచేస్తే గ్యాసు పోతది కద సార్. ఇది గూడ గట్లనే పోతదని రాసిన. మా ఇంట్ల రోజూ కాచే తాగుతం."

పిల్లలూ, అతని తర్కం ఒకసారి పరీక్షించండి. ఫ్లోరిన్ వాయువే, నిజం. నీటిని వేడిచేస్తే కరిగిన వాయువులు వెళ్ళిపోతాయి, అదీ నిజం. మరి తప్పెక్కడ? మొదటి వాక్యంలో ఒక్క మాట చివర! ఆ నీళ్ళలో ఉన్నది ఫ్లోరిన్ కాదు, ఫ్లోరైడ్. ఫ్లోరైడ్ వాయువు కాదు. ఉప్పులాగా నీటిలో కరిగి ఉండేది. నీళ్ళు ఎంత కాచినా అది ఆవిరితో పోదు.

పోకపోగా ఏమవుతుందో లెక్క వేద్దాం. లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీళ్ళు 4 లీటర్లు తీసుకున్నాం. మొత్తం ఫ్లోరైడ్ 12 మిల్లీగ్రాములు. కాచగా కాచగా ఒక లీటరు ఆవిరైపోయి 3 లీటర్లు మిగిలాయి. ఆ 12 మిల్లీగ్రాములూ అందులోనే ఉన్నాయి. అంటే ఇప్పుడు లీటరుకు 4 మిల్లీగ్రాములు! కాచడం వల్ల రోగక్రిములు చస్తాయి, అది మంచిదే. కాని ఫ్లోరైడ్ తగ్గకపోగా చిక్కబడింది.

మాట చివర తప్పయితే మందూ తప్పయింది. చూశారా?

మనకు తెలిసిన ప్రత్యయాలే

మాట చివర చేరి అర్థాన్ని మార్చే ముక్కను వ్యాకరణంలో ప్రత్యయం అంటారని మీరు తెలుగు వాచకంలో చదివారు. తెలుగువాళ్ళకు ఇది కొత్త విద్య కాదు. నీటిని, నీటితో, నీటికి, నీటిలో — మొదలంతా ఒకటే, చివరను బట్టే పని తెలుస్తున్నది. వచ్చాడు, వచ్చింది, వచ్చారు — వచ్చినది ఎవరో చెప్పకుండానే చివర చెప్పేస్తున్నది.

ఇంగ్లీషులోనూ ఈ పద్ధతి ఉంది. టీచ్ అంటే బోధించడం. చివర 'ఎర్' చేర్చి టీచర్ అంటే బోధించే మనిషి. బాయిల్ అంటే మరగడం లేక మరిగించడం. 'బాయిల్డ్ వాటర్' అంటే మరిగించిన నీళ్ళు. చల్లారాక తాగవచ్చు. 'బాయిలింగ్ వాటర్' అంటే ఇంకా మరుగుతున్న నీళ్ళు. వేలు పెడితే బొబ్బలెక్కుతుంది. 'హార్మ్' అంటే హాని. 'హార్మ్‌ఫుల్' అంటే హాని చేసేది, 'హార్మ్‌లెస్' అంటే హాని చేయనిది. పత్తి చేనుకు తెచ్చిన పురుగుమందు డబ్బా మీద ఈ రెంటిలో ఏది రాసి ఉందో చివరి దాకా చదవకపోతే ఎంత ప్రమాదమో మీరే ఊహించండి.

ఈ ఇంగ్లీషు ప్రత్యయాలను వ్యాకరణం పీరియడులో నేర్చుకుని అక్కడే వదిలేస్తాం. నిజానికి సైన్సు పుస్తకంలో వాటితో ఉన్నంత పని మరెక్కడా లేదు.

1787లో కుదిరిన కట్టుబాటు

పూర్వం రసాయన పదార్థాల పేర్లకు ఒక పద్ధతంటూ లేదు. మన భాషలోనే చూడండి: మైలుతుత్తం, అన్నభేది, నవాసారం, సురేకారం. చక్కని పేర్లే. కాని మైలుతుత్తంలోనూ అన్నభేదిలోనూ ఒకే రకపు ముక్క, అంటే సల్ఫేట్ భాగం, ఉన్నదని ఆ పేర్లు చూసి ఎవరైనా చెప్పగలరా? యూరప్‌లోనూ ఇదే పరిస్థితి. ఒకే పదార్థానికి ఊరికొక పేరు, ఒకే పేరుతో రెండు మూడు పదార్థాలు.

1787లో ఫ్రాన్సు దేశంలో నలుగురు శాస్త్రవేత్తలు కూర్చుని పేర్లు పెట్టే పద్ధతినొకదాన్ని పుస్తకంగా ప్రకటించారు. వారు లెవోయిజర్, గీటన్ ద మొర్వో, బెర్తొలే, ఫుర్‌క్రోయ్. వారి ఆలోచన ఇది: పేరు వింటే అందులో ఏమేమి ఉన్నాయో తెలియాలి. మాట మొదలు ఏ మూలకమో చెప్పాలి. మాట చివర అది ఏ స్థితిలో, దేనితో కలిసి ఉన్నదో చెప్పాలి.

మన పేర్లతో పోల్చి చూడండి. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, సొంత పేరు తరువాత వస్తుంది. ఇంటిపేరు వింటే ఏ కుటుంబమో తెలుస్తుంది. కాని ఆ ఇంట్లో పిలిచింది తాతనా, మనుమణ్ణా అన్నది సొంత పేరు వింటేనే తెలుస్తుంది. రసాయన నామాలలో మొదలు ఇంటిపేరు, చివర సొంత పేరు. ఇంటిపేరు ఒకటే కదా అని తాతకు బదులు మనుమణ్ణి పిలిస్తే ఎట్లా?

ఆ నలుగురూ ఫ్రెంచి భాషలో చేసిన ఏర్పాటును ఇంగ్లీషు కొద్ది మార్పులతో తీసుకుంది. ఇంగ్లీషు ద్వారా అది మన పాఠ్యపుస్తకాలకు వచ్చింది. తెలుగులో కూడా పెద్దలు ఆ పద్ధతిని అందుకున్నారు. 'జెన్' అంటే గ్రీకులో పుట్టించేది. హైడ్రోజన్ నీటిని పుట్టించేది కనుక ఉదజని. ఆక్సిజన్ ఆమ్లాన్ని పుట్టించేది అనుకున్నారు కనుక ఆమ్లజని. నైట్రోజన్ నత్రజని. 'జెన్' అన్న చివరకు 'జని' అన్న చివర ఎంత అందంగా అతికిందో చూశారా?

'ఫ్లోర్' ఇంటివారు

ఇప్పుడు మా జిల్లాకు బాగా తెలిసిన కుటుంబాన్ని ఒక్కొక్కరుగా పరిచయం చేస్తాను.

ఈ కుటుంబంలో అందరికంటే పెద్దది ఒక రాయి. దాని పేరు ఫ్లోర్‌స్పార్. లోహాలు కరిగించే కొలిమిలో ఈ రాయిని వేస్తే కరుగు సులభంగా పారేది. లాటిన్ భాషలో 'పారడం' అనే అర్థమున్న మాటనుంచి 'ఫ్లోర్' వచ్చింది. మొదట దీనికి రోగంతోగాని విషంతోగాని సంబంధం లేదు.

ఫ్లోరైట్: ఆ రాయికే మరో పేరు. చివర 'ఐట్' ఉన్నది గమనించండి. ఖనిజాల పేర్లు చాలావరకు ఇలాగే ముగుస్తాయి: అపటైట్, బయొటైట్, కాల్సైట్. నల్లగొండ, పాలమూరు ప్రాంతాల గ్రానైటు రాళ్ళలో ఫ్లోరైట్, అపటైట్, బయొటైట్ వంటి ఖనిజాలు ఉన్నాయి. వాటిలో ఫ్లోరిన్ మూలకం బంధింపబడి ఉంటుంది.

ఫ్లోరిన్: ఇది మూలకం. చివర 'ఇన్'. క్లోరిన్, బ్రోమిన్, అయొడిన్ దీని సోదరులు. 1810లో హంఫ్రీ డేవీ ఒక ఆకుపచ్చని వాయువు మూలకమేనని చెప్పి, లేత ఆకుపచ్చ అనే అర్థమున్న గ్రీకు మాటకు 'ఇన్' చేర్చి క్లోరిన్ అన్నాడు. 1812లో ఆంపియర్ — విద్యుత్ ప్రవాహపు ప్రమాణానికి ఎవరి పేరు పెట్టామో ఆ ఆంపియర్ — ఫ్లోర్‌స్పార్‌లో దాగి ఉన్న మూలకాన్ని క్లోరిన్ వరుసలోనే ఫ్లోరిన్ అందామని డేవీకి సూచించాడు. మూలకం ఇంకా చేతికి చిక్కనేలేదు. అయినా పేరు చివర చూసి అది ఎవరి వరుసదో తెలిసిపోయింది! దాన్ని విడదీయబోయి అనేకులు గాయపడ్డారు, కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. చివరకు 1886లో హెన్రీ మోయిసాన్ పారిస్‌లో విద్యుత్తు సాయంతో ఫ్లోరిన్‌ను వేరుచేశాడు. అందుకుగాను ఆయనకు 1906లో నోబెల్ బహుమతి లభించింది. ఫ్లోరిన్ లేత పసుపు రంగు వాయువు. దాదాపు ప్రతి పదార్థంతోనూ కలియబడుతుంది. నీటితోనూ అంతే. కాబట్టి ఏ బావిలోనూ, ఏ బోరులోనూ ఫ్లోరిన్ ఫ్లోరిన్‌గా ఉండనే ఉండదు.

ఫ్లోరైడ్: చివర 'ఐడ్'. ఫ్లోరిన్ పరమాణువు ఒక ఎలక్ట్రాన్‌ను తీసుకుని ఋణావేశపు అయానుగా మారితే ఫ్లోరైడ్. ఎలక్ట్రాన్ దొరికింది కనుక ఇక దాని తొందర తగ్గింది. శాంతంగా నీటిలో కరిగి ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. వర్షపు నీరు భూమిలోకి ఇంకి గ్రానైటు పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచినప్పుడు ఖనిజాలనుంచి కొద్దికొద్దిగా ఫ్లోరైడ్ నీటిలోకి దిగుతుంది. మన దేశపు ప్రమాణం ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే నీరు దొరకనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. 1.5 మిల్లీగ్రాములంటే ఎంత? వెయ్యి లీటర్ల ట్యాంకులో ఒకటిన్నర గ్రాము! అంత కొద్ది మాత్రమే హద్దు.

ఫ్లోరోసిస్: చివర 'ఓసిస్'. గ్రీకునుంచి వచ్చిన ఈ ప్రత్యయం శరీరంలో ఏర్పడిన ఒక స్థితిని, ముఖ్యంగా వ్యాధి స్థితిని, సూచిస్తుంది. ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న నీరు ఏళ్ళ తరబడి తాగడం వల్ల పళ్ళలో, ఎముకలలో వచ్చే స్థితి ఫ్లోరోసిస్. 1937లో షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో దీన్ని గుర్తించి రాశారు. 1955లో సిద్దిఖీ అనే వైద్యుడు నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం ప్రచురించారు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు ప్రాంతాల పల్లెల్లో వంగిన నడుములు, బిగిసిన కీళ్ళు చూసినవారికి ఈ మాట అర్థం వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. మా తరగతిలో ఒక అమ్మాయి ఎప్పుడు నవ్వినా చెయ్యి అడ్డం పెట్టుకునేది. ఆమె పళ్ళ మీద గోధుమరంగు చారలుండేవి. "పళ్ళు తోమదు" అని తోటివారు వెక్కిరించేవారు. ఆ చారలు తోమకపోవడం వల్ల వచ్చినవి కావు, తోమితే పోయేవీ కావు. చిన్నతనంలో పళ్ళు ఇంకా చిగురు లోపల తయారవుతుండగానే ఫ్లోరైడ్ వాటిలో చేరి చేసిన పని అది. మురికి పైన పట్టేది. 'ఓసిస్' లోపల ఏర్పడేది. ఈ తేడా తెలిశాక వెక్కిరింతలు ఆగాయి.

ఈ ఇంట్లో మరొకటి ఉంది: ఫ్లోరెసెన్స్. ఫ్లోర్‌స్పార్ రాయి కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని తీసుకుని కనిపించే కాంతిని వెదజల్లుతుంది. 1852లో స్టోక్స్ అనే శాస్త్రవేత్త ఆ రాయి పేరుకు 'ఎసెన్స్' చేర్చి, అలా వెలిగే గుణానికి ఈ పేరు పెట్టాడు. ఫ్లోరెసెంట్ ట్యూబులైటుకు ఆ పేరు ఇలా వచ్చింది. ట్యూబులైటు ఉన్న ఇంటివాళ్ళకు ఫ్లోరోసిస్ రాదు!

ఐడ్, ఐట్, ఏట్

ఫ్లోరైడ్, ఫ్లోరైట్ — తెలుగులో రాస్తే 'డ'కూ 'ట'కూ ఉన్నంతే తేడా. పరీక్షలో తొందరపడి రాసేవారు ఇక్కడే పడతారు. కనుక ఈ మూడు చివరలనూ విడిగా గుర్తుపెట్టుకోండి.

'ఐడ్' అంటే సాధారణంగా రెండు మూలకాలే కలిసినవి. సోడియం క్లోరైడ్‌లో సోడియం, క్లోరిన్. సోడియం సల్ఫైడ్‌లో సోడియం, గంధకం. 'ఐట్', 'ఏట్' అంటే మూడవదిగా ఆక్సిజన్ కూడా ఉన్నదని అర్థం. ఆక్సిజన్ తక్కువైతే 'ఐట్', ఎక్కువైతే 'ఏట్'. గంధకంతో చూడండి: సల్ఫైడ్‌లో ఆక్సిజన్ లేదు, సల్ఫైట్‌లో మూడు పరమాణువులు, సల్ఫేట్‌లో నాలుగు. నత్రజనితో చూడండి: నైట్రైట్‌లో రెండు, నైట్రేట్‌లో మూడు. ఇది 1787నాటి కట్టుబాటే.

ఆమ్లం పేరు చూసి లవణం పేరు చెప్పడానికి ఒక సూత్రం ఉంది. ఆమ్లం చివర 'ఇక్' ఉంటే లవణం చివర 'ఏట్'. ఆమ్లం చివర 'అస్' ఉంటే లవణం చివర 'ఐట్'. సల్ఫ్యూరిక్ ఆమ్లం సల్ఫేట్‌ను ఇస్తుంది, సల్ఫ్యూరస్ ఆమ్లం సల్ఫైట్‌ను ఇస్తుంది. ఒక్క జాగ్రత్త: ముందు 'హైడ్రో' ఉన్న ఆమ్లం — హైడ్రోక్లోరిక్, హైడ్రోఫ్లోరిక్ — 'ఐడ్'నే ఇస్తుంది.

ఈ తేడా పుస్తకాలకే పరిమితం అనుకోకండి. పొటాషియం క్లోరైడ్ పొలానికి వేసే ఎరువు. పొటాషియం క్లోరేట్ అగ్గిపుల్ల తలలో ఉండేది. ఎరువుల గోదాములో ఒకటి అడిగి మరొకటి తెస్తే ఏమవుతుందో చెప్పాలా?

మాట మధ్యలో దాగిన చివర

ఇప్పుడు కాస్త పొడుగు మాటలు చూద్దాం. సంధి విడదీసినట్లు విడదీస్తే భయం పోతుంది.

క్లోరినేషన్. దీన్ని విడదీస్తే క్లోర్, ఇన్, ఏషన్. 'ఏషన్' అంటే చేసే పని. మధ్యలో 'ఇన్' కనిపించిందా? అంటే నీటికి చేరుస్తున్నది క్లోరిన్ మూలకాన్నే. బ్లీచింగ్ పౌడరు వేసినా అది విడుదల చేసే క్లోరినే రోగక్రిములను చంపుతుంది.

ఫ్లోరిడేషన్. ఫ్లోర్, ఐడ్, ఏషన్. మధ్యలో ఉన్నది 'ఇన్' కాదు, 'ఐడ్'. అంటే నీటికి ఫ్లోరైడ్ చేర్చడం. "అయ్యో, చేర్చడమా!" అంటారేమో. ఫ్లోరైడ్ మరీ తక్కువగా ఉన్న నీటికి, పళ్ళు పుచ్చిపోకుండా, కొద్దిగా చేర్చే దేశాలున్నాయి. 1945లో అమెరికాలోని గ్రాండ్ రాపిడ్స్ నగరంలో ఇది మొదలైంది. ఒకచోట కొరతయినది మరొకచోట విషమైంది. తేడా అంతా మోతాదులో ఉంది.

డీఫ్లోరిడేషన్. మొదట 'డీ' చేరింది. అంటే తీసివేయడం. ఫ్లోరైడ్‌ను తీసివేసే పని అన్నమాట. ఇందులో ప్రపంచానికి మా జిల్లా పేరే చిరునామా అయింది! 1970వ దశకంలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు. 1975లో దాని వివరాలు ప్రచురితమయ్యాయి. తరువాత టాంజానియా, కెన్యా, ఇథియోపియా వంటి ఆఫ్రికా దేశాలలోనూ ఈ పేరుతోనే దాన్ని ప్రయత్నించారు.

పద్ధతి ఇది. నీటిలో తగిన మోతాదులో సున్నం, బ్లీచింగ్ పౌడరు, పటిక వేసి మొదట వేగంగా, తరువాత నెమ్మదిగా కలుపుతారు. పటికలోని అల్యూమినియం సున్నపు నీటితో కలిసి అల్యూమినియం హైడ్రాక్సైడ్‌గా మారి దూదిపింజల్లాగా తేలుతుంది. ఫ్లోరైడ్ ఆ పింజలకు పట్టుకుంటుంది. కొంతసేపు కదపకుండా ఉంచితే పింజలు అడుక్కు దిగుతాయి. పైతేటను వడపోసి తీసుకుంటారు. అడుగు బురదను బావికి దూరంగా పారవేయాలి.

మన అమ్మమ్మలు మురికి నీటిలో పటిక తిప్పి తేట చేసేవారు కదా, అది చాలదా అని మీరడగవచ్చు. చాలదు. ఫ్లోరైడ్ తీయడానికి అంతకంటే చాలా ఎక్కువ పటిక కావాలి. ఎంత కావాలన్నది ఆ నీటిలోని ఫ్లోరైడ్‌ను, క్షారగుణాన్ని పరీక్షించి నిర్ణయిస్తారు. కాబట్టి ఇంట్లో అందాజుగా చేయకండి.

ఇప్పుడు ఈ మూడు మాటలు పక్కపక్కన పెట్టి చదవండి: బాయిల్డ్ వాటర్, క్లోరినేటెడ్ వాటర్, డీఫ్లోరిడేటెడ్ వాటర్. మూడింటి చివరా ఉన్నది జరిగిపోయిన పనిని తెలిపే ప్రత్యయమే. కాని జరిగిన పనులు వేరు. మొదటి రెండింటిలో రోగక్రిములు చచ్చాయి, ఫ్లోరైడ్ అలాగే ఉంది. మూడవదానిలోనే ఫ్లోరైడ్ తగ్గింది.

చివరలు మోసం చేసే చోట్లు

అయితే చివర చూసి కళ్ళు మూసుకుని నమ్మరాదు. టీచర్ అంటే బోధించేవాడు కనుక వాటర్ అంటే 'వాట్' చేసేవాడా? కాదు కదా! మలేరియా మందు క్వినైన్, కాఫీలోని కెఫీన్ ఇంగ్లీషు అక్షరాలలో ఫ్లోరిన్‌లాగానే ముగుస్తాయి. కాని అవి మూలకాలు కావు. క్షయవ్యాధిని ట్యూబర్‌క్యులోసిస్ అంటారు. చివర 'ఓసిస్' ఉంది, ఇది క్రిమివల్ల ఒకరినుంచి మరొకరికి సోకుతుంది. ఫ్లోరోసిస్ ఎవరినుంచీ ఎవరికీ సోకదు. అంటే 'ఓసిస్' స్థితిని చెబుతుందిగాని కారణాన్ని చెప్పదు. కారణం కోసం మాట మొదలు చూడాలి.

శాస్త్రవేత్తలే పొరబడిన చివర ఒకటుంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. ఫ్రాన్సునుంచి జాన్సెన్ అనే శాస్త్రవేత్త మన గుంటూరుకు వచ్చి సూర్యుని అంచున ఎగసే జ్వాలల కాంతిని పరిశీలించాడు. అదే ఏడాది ఇంగ్లండులో లాక్యర్ సూర్యకాంతిలో ఒక పసుపు రేఖను చూసి, అది భూమి మీద తెలియని మూలకానిదని తలచాడు. సోడియం, పొటాషియం, కాల్షియం — లోహాల పేర్లు 'ఇయం'తో ముగుస్తాయి కదా. ఇదీ లోహమే అయి ఉంటుందన్న ఊహతో సూర్యుని గ్రీకు పేరుకు 'ఇయం' చేర్చి హీలియం అన్నారు. 1895లో రామ్సే భూమి మీద దాన్ని పట్టుకుంటే అది లోహం కాదు, వాయువు! అప్పటికి పేరు పాతుకుపోయింది. ఆక్సిజన్ సంగతీ ఇంతే. ఆక్సిజన్ లేని ఆమ్లాలు ఉన్నాయని తరువాత తెలిసింది. ఫ్లోరైడ్‌ను ఇచ్చే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లమే అందుకు సాక్ష్యం.

మళ్ళీ ఆ జవాబు పత్రం

ఆ అబ్బాయికి నేను సగం మార్కులు వేశాను. తర్కానికి వేశాను, పదార్థానికి వేయలేదు. ఆ సాయంత్రం నల్లబల్ల మీద ఫ్లోరిన్, ఫ్లోరైడ్ అని రెండు మాటలు రాసి, 4 లీటర్ల లెక్క అతని చేతనే వేయించాను. మరునాడు అతను వచ్చి, "మా అమ్మకు గీ లెక్క చెప్పిన సార్. ఇగ తాగే నీళ్ళు వేరే తెస్తమన్నది" అన్నాడు.

ఇప్పుడు కాలం మారింది. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకం ద్వారా శుద్ధిచేసిన కృష్ణా నీరు నల్లాల్లో మా పల్లెలకు చేరింది. కాని మన కాళ్ళ కింది గ్రానైటు మారలేదు. చేను దగ్గరి బోరులో ఫ్లోరైడ్ నిన్న ఉన్నట్లే నేడూ ఉండవచ్చు. ఎండలో పనిచేసి దాహమై ఆ నీళ్ళే తాగేవారికి, "కాచాం కదా, తేటగా ఉన్నాయి కదా" అనుకునేవారికి మీరే వివరించాలి. అందుకు మీకు పెద్ద చదువు అక్కరలేదు. మాటను చివరిదాకా చదివే అలవాటు ఉంటే చాలు.

మీరే చేసి చూడండి

1. విరేచనాలకు ఇచ్చే ఓ.ఆర్.ఎస్. పొట్లం మీద సోడియం క్లోరైడ్, పొటాషియం క్లోరైడ్, ట్రైసోడియం సిట్రేట్, గ్లూకోజ్ అని ఉంటుంది. చివరలను బట్టి వీటిలో ఆక్సిజన్ ఉన్న లవణం ఏదో చెప్పండి. అది ఏ ఆమ్లానికి సంబంధించినది?

2. అయొడిన్ చేర్చిన ఉప్పులో మన దేశంలో వాడేది పొటాషియం అయొడేట్. అయొడిన్, అయొడైడ్, అయొడేట్ — ఈ మూడింటికీ తేడా రాయండి.

3. పాలలోని చక్కెర లాక్టోజ్. దాన్ని జీర్ణం చేసే ఎంజైము లాక్టేజ్. సుక్రోజ్‌ను విడగొట్టే ఎంజైము పేరు ఏమై ఉంటుంది?

4. మీ ఊళ్ళో ఎవరైనా "ఫ్లోరిన్ నీళ్ళు" అంటే, ఆ మాటలోని తప్పును ఒక్క వాక్యంలో ఎలా సరిదిద్దుతారు?

జవాబులు: 1. ట్రైసోడియం సిట్రేట్. నిమ్మకాయలోని సిట్రిక్ ఆమ్లానికి సంబంధించినది. 'ఇక్' ఉంటే 'ఏట్'. 2. అయొడిన్ మూలకం. అయొడైడ్ ఎలక్ట్రాన్ చేరిన అయొడిన్ అయాను. అయొడేట్‌లో ఆక్సిజన్ కూడా ఉంది. 3. సుక్రేజ్. 4. ఈ వాక్యం మీ సొంత మాటల్లో రాసుకోండి. రాశాక చివరి అక్షరం దాకా ఒకసారి సరిచూసుకోండి.